వెండితెర మీది ముస్లిం స్త్రీ – సూరహ్ నూర్ వెలుగులో

స్త్రీ శరీరాన్ని గురించిన చర్చ మన సభల్లో, మన పత్రికల్లో ఎప్పుడు మొదలైనా దుస్తుల దగ్గరే మొదలవుతుంది. చాలాసార్లు అక్కడే ముగుస్తుంది కూడా. తల కప్పుకున్నదా లేదా, ముఖం కనిపించవచ్చునా కూడదా, చేతులు ఎంతవరకు తెరచి ఉండవచ్చు – ఈ ప్రశ్నలకు ఫిఖ్హ్ గ్రంథాల్లో సమాధానాలున్నాయి. వాటి ప్రాముఖ్యాన్ని ఎవరూ కాదనరు. అయితే ఇవన్నీ చూడబడే వ్యక్తిని గురించిన ప్రశ్నలు. చూసేవాడెవడు, చూపించేవాడెవడు, చూపించి సొమ్ము చేసుకునేవాడెవడు అన్న ప్రశ్నలను మనం అంత శ్రద్ధగా వేసుకోలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరహ్ నూర్ మాత్రం వాటిని కూడా లేవనెత్తింది.

దుస్తుల చర్చ ఇంతగా సాగుతున్న కాలంలోనే ముస్లిం స్త్రీ రూపాన్ని కోట్లాదిమంది కళ్లముందు నిలిపినవారు ఉలమా కాదు, ముఫ్తీలు కాదు. ఆ పని చేసింది సినిమా. ఇరుగుపొరుగున ఒక్క ముస్లిం కుటుంబమైనా లేని ఊళ్లో కూడా ముస్లిం స్త్రీ ఎలా ఉంటుందో జనానికి ‘తెలుసు’. ఆ తెలిసినదేమిటో పరిశీలించి, దాన్ని సూరహ్ నూర్ పక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరదా చాటు, కోఠా మేడ

హిందీ చలనచిత్రాల్లో ‘ముస్లిం సోషల్’ అని పిలవబడిన ఒక తరహా ఉండేది. నవాబుల హవేలీలు, షేర్వానీలు, ముషాయిరాలు, మధ్యలో ఒక ప్రేమకథ. 1960లో గురుదత్ నిర్మించగా ఎం. సాదిఖ్ దర్శకత్వంలో వచ్చిన ‘చౌద్వీ కా చాంద్’ ఈ తరహాకు మంచి ఉదాహరణ. లక్నో నవాబు ఒకడు ఒక యువతి ముఖాన్ని క్షణకాలం చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. చివరకు ఆమె తన ప్రాణమిత్రుని భార్యేనని తేలుతుంది. కథంతా ఆ ముసుగు చుట్టూ తిరుగుతుంది. ఆ పాత్ర ధరించిన వహీదా రెహమాన్ తెలుగువారికి కొత్త కాదు. 1955 నాటి ‘రోజులు మారాయి’లో ఆమె చేసిన ఒక్క నాట్యాన్ని ఆ తరం వారు చాలాకాలం చెప్పుకున్నారు.

1963లో హెచ్.ఎస్. రవైల్ తీసిన ‘మేరే మెహబూబ్’ అలీగఢ్ విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. కథానాయకునికి బురఖా ధరించిన ఒక విద్యార్థిని ఎదురుపడుతుంది. అతడు ఆమె కళ్లను మాత్రమే చూసి, ఆ కళ్లను వెతుక్కుంటూ తిరుగుతాడు. ఆ చిత్రంలోనే అతని అక్క నజ్మా ఉంది. తమ్ముణ్ణి చదివించడం కోసం ఆమె నాట్యగత్తె అయింది. ప్రేక్షకుడు ముసుగులోని యువతిని చూసి నిట్టూరుస్తాడు, కోఠాలోని అక్కను చూసి కంటతడి పెడతాడు. ఆ విద్యార్థిని విశ్వవిద్యాలయంలో ఏం చదువుతున్నదో మాత్రం ఎవరూ అడగరు.

ఒకే కథలో ఈ రెండు రూపాలూ ఉండడం యాదృచ్ఛికం కాదు. ముస్లిం స్త్రీకి ఈ చిత్రాలు ఇచ్చిన చిరునామాలు ప్రధానంగా ఈ రెండే. మనం రోజూ చూసే స్త్రీలు – నిజామాబాదులో బీడీలు చుట్టేవారు, పాతబస్తీలో జరీ పని చేసేవారు, రాయలసీమలో కూలికి వెళ్లే దూదేకుల కుటుంబాలవారు, ఉర్దూ బడిలో పాఠాలు చెప్పే ఉస్తానీలు – ఆ తెర మీద కనిపించరు.

పైకి చూస్తే పరదా, కోఠా పూర్తిగా విరుద్ధమైనవి. ఒకటి దాచడానికి, రెండవది చూపడానికి. కాని సినిమాలో ఈ రెండూ ఒకే పని చేస్తాయి. షరీఅత్‌లో పరదా ఉద్దేశం చూపును ఆపడం. సినిమాలో పరదా ఉద్దేశం చూపును రెచ్చగొట్టడం. అది ఎప్పుడో ఒకప్పుడు తొలగడానికే అక్కడ ఉంటుంది. 1995లో మణిరత్నం తమిళంలో తీయగా తెలుగు అనువాదంలోనూ విశేషంగా ఆడిన ‘బొంబాయి’లో కథానాయకుడు ముస్లిం యువతిని చూసేది గాలికి ఆమె ముసుగు పైకి లేచినప్పుడే. ఆమె చూపించలేదు, అతడు తొలగించలేదు, నేరం గాలిది! ప్రేక్షకునికి మాత్రం దక్కవలసింది దక్కింది.

కమాల్ అమ్రోహీ ‘పాకీజా’ (1972) మరింత సున్నితమైన చిత్రం. రైలుపెట్టెలో నిద్రిస్తున్న సాహిబ్‌జాన్ పాదాలను చూసి ముగ్ధుడైన ఒక అపరిచితుడు, వాటిని నేలమీద మోపవద్దని వేడుకుంటూ చీటీ రాసి పెట్టి వెళ్తాడు. ఆ చీటీలోని మాటలు నేటికీ ఉర్దూ ఇళ్లలో వినిపిస్తాయి. అయినా ఒక విషయం ఆలోచించవలసి ఉంది. నిద్రపోతున్న స్త్రీని, ఆమెకు తెలియకుండా, ఒక పరపురుషుడు తనివితీరా చూశాడు. దాన్ని మనం ఆదాబ్ అనుకున్నాం, నఫాసత్ అనుకున్నాం. భాష అందంగా ఉంటే చూపు పవిత్రమైపోతుందా? అదే చిత్రంలో నికాహ్ వేళ అంగీకారం అడిగినప్పుడు సాహిబ్‌జాన్ కాదని అరచి మెట్లు దిగి పారిపోతుంది. తన గతం తనను వదలదని ఆమె భయం. చిత్రమంతటికీ అతి నిజాయితీ గల క్షణం అదేనని ఈ రచయిత అభిప్రాయం.

కోఠాను గురించి ఒక చారిత్రక విషయం ఇక్కడ చెప్పాలి. హైదరాబాదులో మహ్ లఖా బాయి చందా (1768–1824) ఉండేది. ఆమె గాయని, ఉర్దూలో దీవాన్ గల కవయిత్రి, నిజాం దర్బారులో మన్నన పొంది జాగీరు అనుభవించిన వ్యక్తి. ఆమె సమాధి మౌలాలి గుట్ట దిగువన ఇప్పటికీ ఉంది. ఆమె జీవితవిధానం షరీఅత్‌కు ఆదర్శమని ఎవరూ అనరు. కాని ఆమెకు విద్య, ఆస్తి, తనదంటూ ఒక మాట ఉండేవన్నది చరిత్ర. 1857 తర్వాత ఆంగ్లేయ ప్రభుత్వం తన సైనికుల ఆరోగ్యం కోసం 1864లో కంటోన్మెంటు చట్టాన్ని, 1868లో అంటురోగాల చట్టాన్ని చేసింది. వేశ్యలుగా పేర్లు నమోదు చేయడం, నిర్బంధ వైద్యపరీక్షలు జరపడం వచ్చాయి. గాయని, నర్తకి, వేశ్య అన్న తేడా అధికారుల దృష్టిలో చెరిగిపోయింది. తర్వాతి కాలపు సినిమా ఆ తేడాను తిరిగి వెతకలేదు. గజ్జెల చప్పుడుతోనే దాని పని జరిగిపోయింది.

ఈ జబ్బు ముస్లిం పాత్రలకే పరిమితం కాదనీ చెప్పాలి. తెలుగు సినిమాలో జ్యోతిలక్ష్మి, జయమాలినిల క్లబ్బు నాట్యాలను చూడడానికి జనం ఎగబడ్డారు. ఏలూరు ప్రాంతంలో పుట్టిన సిల్క్ స్మిత 1996లో మద్రాసులో మరణించేవరకు ఆమె పేరును ఒక వెకిలి నవ్వు లేకుండా పలికినవారు అరుదు. ఆమెను చూడడానికి టిక్కెట్టు కొన్నవారు మాత్రం గౌరవనీయులుగానే మిగిలారు.

బాజార్

1982లో సాగర్ సర్హదీ తీసిన ‘బాజార్’ ఈ వరుసకు చెందదు. అది హైదరాబాదు కథ. మన మఖ్దూం మొహియుద్దీన్ కవిత కూడా అందులో పాటగా వినిపిస్తుంది. గల్ఫ్‌లో డబ్బు సంపాదించిన ఒక నడివయసు మనిషికి లేతవయసు వధువు కావాలి. అతని మీద ఆధారపడినవాడు, వాని ప్రేయసి నజ్మా కలిసి వధువును వెతకడానికి హైదరాబాదు వస్తారు. పేదింటి పిల్ల షబ్నం దొరుకుతుంది. ఆమె సర్జూ అనే యువకుణ్ణి ప్రేమించింది. బేరం కుదురుతుంది, నికాహ్ జరుగుతుంది, షబ్నం ఆత్మహత్య చేసుకుంటుంది. తాను చేసిపెట్టిన పని ఏమిటో నజ్మాకు ఆలస్యంగా అర్థమవుతుంది.

ఈ చిత్రంలో ముసుగు తొలగించే ఆట లేదు. కొనుగోలు ఉంది. అందుకే కాబోలు, ‘పాకీజా’ను తలచుకున్నంత ప్రేమగా మనవాళ్లు ‘బాజార్’ను తలచుకోరు.

కథ కల్పితమే గాని వ్యవహారం కల్పితం కాదు. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలతో హైదరాబాదుకు రాకపోకలు హెచ్చాయి. ఉద్యోగాలు వచ్చాయి, ఇళ్లు లేచాయి. దానితో పాటు పాతబస్తీ గల్లీల్లో దలాళ్లు కూడా తయారయ్యారు. వయసు మళ్లిన పరదేశి కొద్దిరోజుల కోసం వస్తాడు, ఖాజీ నికాహ్ చదువుతాడు, మహర్ పేర ఇచ్చిన సొమ్ములో దలాలీ పోగా మిగిలింది తండ్రికి ముడుతుంది. వీసా గడువు తీరేసరికి ‘భర్త’ వెళ్లిపోతాడు. పెళ్లినాడే విడాకుల కాగితం మీద కూడా సంతకం చేయించుకున్న ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. ఇదంతా గతమని అనుకునే వీలు లేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతర్ దేశాల పౌరులను, దలాళ్లను, వారితోపాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు.

ఖాజీల పేర్లు ఆ జాబితాలో ఉండడమే మనకు అన్నిటికంటె బాధాకరమైన విషయం. ఈ వ్యాపారం ధర్మశాస్త్రంలోని ఒక సందును వాడుకొంటున్నది గనుక దాన్ని వివరించడం అవసరం. గడువు పెట్టి చేసిన నికాహ్ చెల్లదని అహ్లె సున్నత్ నాలుగు మజ్‌హబులూ చెబుతున్నాయి. గడువు మాట పైకి చెప్పక, కొద్దిరోజుల్లో తలాఖ్ ఇవ్వాలని వరుడు మనసులో మాత్రమే పెట్టుకుంటే? అప్పుడు ఒప్పందం పైకి చెల్లుతుందని అధికసంఖ్యాకులైన ఫుఖహా అన్నారు, ఎందుకంటే ఖాజీ మనసులోకి తొంగిచూడలేడు. ఇమామ్ అవ్‌జాయీ దీనికి ఒప్పుకోలేదు. అది ముత్‌ఆ వంటిదేనన్నారు. ఆ ఫుఖహా మాట్లాడింది ఎవరికీ తెలియని సంకల్పం గురించి. పాతబస్తీలో ఆ సంకల్పం దలాలికి తెలుసు, తండ్రికి తెలుసు, ఖాజీకీ తెలుసు. బాలికకు మాత్రమే తెలియదు. అందరికీ తెలిసినదాన్ని ‘మనసులోని మాట’ అని ఎలా అంటాం?

తండ్రిని దుర్మార్గుడని తేల్చి ఊరుకోవడం సులభం. ఆ తండ్రికి ముగ్గురో నలుగురో ఆడపిల్లలు. పక్క గల్లీలోని కుర్రాడు జోడే కీ రఖం, బండి, సామాను అడుగుతాడు. షరీఅత్ ప్రకారం పురుషుడు స్త్రీకి మహర్ ఇవ్వాలి. సూరహ్ నిసా ప్రారంభంలోనే ఆ ఆజ్ఞ ఉంది. మనం దాన్ని తలకిందులు చేసి, కట్నం తీసుకొని, మహర్‌ను ‘ఉధార్’ అని కాగితం మీద రాసి వదిలేశాం. మహర్ నగదుగా ఇచ్చే వరుడు పేదవాడి గడప తొక్కింది పరదేశి రూపంలోనే అయితే, ఆ తండ్రికి ఆ తోవ చూపించింది మనం కాదా? స్త్రీ దేహాన్ని ఆచారం పేరుతో అప్పగించడం ఇతర సమాజాల్లోనూ ఉంది. జోగినీ, దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయవలసి వచ్చింది. కాని పొరుగింటి మురికి మనింటి మురికికి జవాబు కాదు.

ఒకే మనిషి, రెండు వ్యాపారాలు

ఇప్పుడు సూరహ్ నూర్ వద్దకు వద్దాం. పరదాను గురించిన ఉపన్యాసాల్లో ఈ సూరహ్‌లోని 31వ వాక్యం తప్పక వినిపిస్తుంది. విశ్వాసులైన స్త్రీలు చూపులు దించుకోవాలని, మర్మాంగాలను కాపాడుకోవాలని, అలంకరణను ప్రదర్శించరాదని, ఓణీలను రొమ్ములపై కప్పుకోవాలని అందులో ఆదేశం ఉంది. దానికి ముందరి 30వ వాక్యం పురుషులను ఉద్దేశించినది. చూపులు దించుకోమన్న ఆజ్ఞ మొదట ఇచ్చింది వారికే. స్త్రీ ఎలాంటి దుస్తులు ధరించి ఉంటే అన్న షరతు అక్కడ లేదు.

దీనికి ఆచరణరూపం హజ్జతుల్ విదా సందర్భంలో కనిపిస్తుంది. హజ్రత్ ఫజల్ బిన్ అబ్బాస్ (రజి) దైవప్రవక్త (స) వెనుక వాహనం మీద కూర్చుని ఉన్నారు. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ వచ్చి, వృద్ధుడైన తన తండ్రి తరఫున తాను హజ్ చేయవచ్చునా అని అడిగింది. ఫజల్ ఆమెను చూడసాగారు, ఆమె కూడా ఆయన వైపు చూసింది. దైవప్రవక్త (స) ఫజల్ ముఖాన్ని పక్కకు తిప్పారు. ఆమె ప్రశ్నకు సమాధానం చెప్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ముఖం కప్పుకోవడం తప్పనిసరా కాదా అన్న విషయంలో దీని నుంచి పండితులు భిన్నాభిప్రాయాలకు వచ్చారు. ఆ వాదం ఇక్కడ అవసరం లేదు. తిప్పబడిన ముఖం ఎవరిదో గమనిస్తే చాలు. యువకుని చూపు కారణంగా ఆ స్త్రీ తన ప్రశ్న అడగకుండా వెనుదిరగవలసిన అవసరం రాలేదు.

సూరహ్‌లో ఇంకా వెనుకకు వెళితే ఇఫ్క్ సంఘటన ఉంది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగి వస్తూ, పోయిన హారాన్ని వెతుకుతూ హజ్రత్ ఆయిషా (రజి) వెనుకబడ్డారు. హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను తన ఒంటెపై కూర్చుండబెట్టి తాను నడిచి బృందం వద్దకు చేర్చారు. అంతమాత్రానికే మదీనాలో అపవాదు పుట్టింది. దాన్ని పెంచి పోషించినవాడు అబ్దుల్లా బిన్ ఉబయ్. నెలరోజులు ఆ ఇంటి మీద విచారం కమ్ముకుంది. తరువాత ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటిస్తూ వాక్యాలు అవతరించాయి. వినగానే ఇది పచ్చి అబద్ధమని విశ్వాసులు ఎందుకు అనలేదని అల్లాహ్ నిలదీశాడు. సతీమణులపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి ఎనభై కొరడాదెబ్బల శిక్ష కూడా ఈ సూరహ్‌లోనిదే.

ఇక 33వ వాక్యం. ఐహిక లాభం కోసం బానిస యువతులను వ్యభిచారానికి బలవంతపెట్టవద్దని అందులో ఉంది. దీని నేపథ్యాన్ని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా సహీహ్ ముస్లిం నమోదు చేసింది. ముసైకా, ఉమైమా అనే ఇద్దరు బానిస యువతులను వారి యజమాని ఈ పనికి నిర్బంధించేవాడు. వారు వచ్చి దైవప్రవక్త (స)తో మొరపెట్టుకున్నారు. ఆ యజమాని ఎవరనుకున్నారు? అదే అబ్దుల్లా బిన్ ఉబయ్.

మన ఉపన్యాసాల్లో ఈ రెండు సంఘటనలను కలిపి చెప్పడం తక్కువ. పవిత్రురాలైన ఒక స్త్రీ శీలాన్ని బజారుకీడ్చినవాడూ, ఇంట్లోని నిస్సహాయ స్త్రీల శరీరాలను బజారులో పెట్టినవాడూ ఒకే మనిషి. పగలు నీతి మాట్లాడే నోరు, రాత్రి లెక్కపెట్టే చెయ్యి. పరదా చాటు స్త్రీ మీద ఊహాగానాలు, కోఠా మీది స్త్రీతో బేరాలు – మన సినిమా చూపిన రెండు చిరునామాలకూ ఒకే యజమాని ఉండేవాడని సూరహ్ నూర్ చదివితే అర్థమవుతుంది.

ఆ 33వ వాక్యం చివరి భాగం ఇంకా ముఖ్యమైనది. నిర్బంధించబడిన పిమ్మట అల్లాహ్ క్షమిస్తాడు, కరుణిస్తాడు అని అక్కడ ఉంది. ఆ క్షమ బలవంతపెట్టినవానికి కాదని, నిర్బంధానికి గురైన స్త్రీలకేనని ముఫస్సిరులు వివరించారు. దీన్ని మనసులో పెట్టుకొని మీర్జా హాదీ రుస్వా 1899లో వెలువరించిన నవల ఆధారంగా ముజఫ్ఫర్ అలీ తీసిన ‘ఉమ్రావ్ జాన్’ (1981) చివరి ఘట్టాన్ని చూడాలి. ఫైజాబాదులో తండ్రి మీద పగతో ఒకడు అమీరన్ అనే పసిపిల్లను ఎత్తుకుపోయి లక్నో కోఠాలో అమ్మాడు. ఎన్నో ఏళ్లకు ఆమె పుట్టింటి గుమ్మం ముందుకు వస్తుంది. తల్లి గుండెలకు హత్తుకుంటుంది. తమ్ముడు వెళ్లిపొమ్మంటాడు. అల్లాహ్ క్షమ ప్రకటించిన చోట ఆ తమ్ముడు తలుపు వేశాడు. థియేటరులో ఆమె కోసం ఏడ్చిన మనం, అటువంటి ఆడపిల్ల మన గల్లీకి తిరిగివస్తే ఎవరి పక్షాన నిలిచాం? పరదేశి వదిలి వెళ్లిన బాలికలను, వారి బిడ్డలను బస్తీల్లో ఏ పేర్లతో పిలిచారో పాతబస్తీవారికి తెలుసు.

ఇబ్ను ఉబయ్ పద్ధతి పాతదైపోలేదు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’ అనే పేరుతో, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే పేరుతో, గిట్‌హబ్ వేదికపై కొందరు యువకులు ముస్లిం స్త్రీల ఫోటోలను వారికి తెలియకుండా పెట్టి ‘వేలం’ ప్రకటించారు. అమ్మకం నిజంగా జరగలేదు; అవమానించడమే ఉద్దేశం. పాత్రికేయులు, సామాజిక కార్యకర్తలు, చదువుకొని పదిమందిలో మాట్లాడే స్త్రీలు అందులో ఉన్నారు. వారిలో తల కప్పుకున్నవారూ ఉన్నారు, కప్పుకోనివారూ ఉన్నారు. దుస్తులు చూసి వేలం వేసినవారెవరూ వదిలిపెట్టలేదు. పోలీసులు 2022 జనవరిలో అరెస్టులు చేశారు. అప్పుడు మనలో కొందరు ఆ స్త్రీలు ఫోటోలు ఎందుకు పెట్టుకున్నారని అడిగారు. ఇఫ్క్ కాలంలో ఆయిషా (రజి) బృందం నుంచి ఎందుకు వెనుకబడ్డారని అడిగినవారు ఎవరో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

ఇజ్న్

చివరగా అంగీకారం. మన నికాహ్‌లలో వకీలు, ఇద్దరు సాక్షులు లోపలికి వెళ్లి వధువు అనుమతి అడుగుతారు. ఆమె మౌనంగా ఉంటే అంగీకరించినట్లే. ఈ మౌనం ఎక్కడిదంటే, కన్య సిగ్గుపడుతుంది గదా అని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు ఆమె మౌనమే అనుమతి అని దైవప్రవక్త (స) తెలిపారు. సిగ్గరి పిల్లకు ఇచ్చిన సౌకర్యమది. భయపడి నోరెత్తని పిల్లకు కూడా దాన్నే వర్తింపజేస్తే సౌకర్యం కాస్తా సంకెల అవుతుంది.

తండ్రి తన కన్యయైన కుమార్తెకు ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా పెళ్లి చేయవచ్చునని షాఫయీ, మాలికీ మజ్‌హబులలో అభిప్రాయం ఉంది. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మజ్‌హబులో యుక్తవయస్కురాలిని ఎవరూ నిర్బంధించలేరు. చిన్నతనంలో జరిగిన పెళ్లిని యుక్తవయసు రాగానే తిరస్కరించే ఖియారుల్ బులూగ్ కూడా ఉంది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం, పదిహేనేళ్లు నిండకముందే పెళ్లయిన బాలిక కాపురం జరగకపోతే పద్దెనిమిదేళ్లలోపు దాన్ని తిరస్కరించవచ్చని పేర్కొన్నది. ఈ విషయాలు ఆడపిల్లలకు చెప్పేవారు ఎందరు? మదరసాలో గుసుల్ మసాయిల్ నేర్పుతాం, ఇది నేర్పం.

హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను దైవప్రవక్త (స) రద్దు చేశారు. బుఖారీలో ఇది ఉంది. నసాయీలో ఇంకొక యువతి కథ ఉంది, ఆమె పేరు తెలియదు. తన తండ్రి తన పెళ్లి ద్వారా తన అన్న కొడుకు హోదాను పెంచాలనుకున్నాడని, తనకు ఇష్టం లేదని ఆమె హజ్రత్ ఆయిషా (రజి) ఇంటికి వచ్చి చెప్పుకున్నది. దైవప్రవక్త (స) ఆమె తండ్రిని పిలిపించి, నిర్ణయాన్ని ఆమె చేతికి అప్పగించారు. అప్పుడామె, తండ్రి చేసిన పెళ్లిని తాను ఒప్పుకుంటున్నానని చెప్పింది. ఈ విషయంలో స్త్రీలకు అధికారం ఏమైనా ఉన్నదో లేదో తెలుసుకోవాలని మాత్రమే వచ్చానన్నది.